తిప్పతీగ కషాయం రోజూ తాగొచ్చా?

వేపనీడ: మా అమ్మకు షుగర్. కరోనా రోజుల్లో మొదలుపెట్టిన తిప్పతీగ కషాయం ఇంకా మానలేదు. పెరట్లో వేపచెట్టుకు పాకిన తీగే. జానెడు కాడ దంచి, మరిగించి, పరగడుపున అరగ్లాసు తాగుతుంది. అది లివర్‌ని పాడుచేస్తుందని తమ్ముడు ఒకటే గొడవ. మీ తాత జ్వరానికి ఇదే తాగేవాడని అమ్మ. నేనెవరి వైపు?

చేదుమాత్ర: అమ్మగారి వైపే. ఆయుర్వేదం దీన్ని ఊరికే అమృత అనలేదు. 2021లో ముంబై డాక్టర్లు తిప్పతీగ తాగి లివర్ దెబ్బతిన్న ఆరుగురి కేసులు రాస్తే ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు. ఆ ఆరుగురు తాగింది అసలు తిప్పతీగేనని ఎవరు తేల్చారు? టినోస్పోరా క్రిస్పా అని దీని దాయాది ఒకటుంది, కాడ నిండా బుడిపెలు. తెలియనివాళ్లు అది కోసుకొచ్చి తాగి ఉంటారు.

గోదారిగట్టు: బుడిపెలు చూసి గుర్తుపట్టడం చెప్పినంత తేలిక కాదండీ. ముదిరిన తిప్పతీగ కాడ మీద కూడా చుక్కలు తేలి ఉంటాయి. మా ఊళ్లో పైన కాగితం లాంటి పొర గీకి, లోపల పచ్చగా ఉందో లేదో చూస్తారు. అడ్డంగా కోస్తే బండిచక్రం ఆకుల్లా గీతలు కనబడతాయి. అయినా పొరబడేవాళ్లున్నారు.

వేపనీడ: మాది అసలుదే, అనుమానం లేదు.

ల్యాబ్‌కోటు: అసలుదే అయినంత మాత్రాన నిశ్చింత లేదు. 2022లో దేశంలోని 13 చోట్ల నుంచి 43 మంది కేసులు వచ్చాయి. దొరికిన నమూనాలను పరీక్షిస్తే అవి తిప్పతీగవే. ఎక్కువమందిలో కనిపించింది ఆటోఇమ్యూన్ తరహా హెపటైటిస్, అంటే ఒంట్లోని రక్షణ వ్యవస్థే కాలేయం మీద పడటం. ఇమ్యూనిటీ పెంచుతుందనే కదా అందరూ తాగింది!

చేదుమాత్ర: 43 మందా? తాగినవాళ్లు ఎన్ని లక్షలో! పారాసెటమాల్ ఎక్కువైనా లివర్ పోతుంది, దాన్ని మానేశామా?

ల్యాబ్‌కోటు: దానికి డోసుంది, పొట్లం మీద రాసి ఉంటుంది. జానెడు కాడకు డోసెంత? మీ తాతగారు జ్వరం తగ్గేదాకా తాగేవారు, ఏళ్ల తరబడి కాదు. ఇది షుగర్‌నీ కొంత తగ్గిస్తుంది కాబట్టి మాత్రలతో కలిస్తే మరీ పడిపోవచ్చు. లూపస్, కీళ్లవాతం, ఆటోఇమ్యూన్ థైరాయిడ్ లాంటి, రక్షణ వ్యవస్థ సొంత ఒంటి మీదే పడే జబ్బులున్నవాళ్లు, గర్భిణులు దీని జోలికి పోకపోవడమే మేలు. ఆకలి చచ్చిపోయి మూత్రం ముదురు పసుపుగా వస్తే ఆపేసి డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి.

గోదారిగట్టు: డాక్టర్‌కి కషాయం సంగతి చెప్పారా? మావాళ్లు మాత్రలన్నీ చెప్పి ఇదొక్కటే దాస్తారు.

వేపనీడ: చెప్పలేదు. అది మందేంటి, ఆకేగా అంటుంది. రేపు లివర్ టెస్టుకు తీసుకెళ్తున్నా. రిపోర్టు వచ్చేదాకా కషాయం ఆపడానికి ఒప్పుకుంది, తీగ మాత్రం పీకనివ్వదట.