అప్‌డేట్: పాప యూట్యూబ్ సంగతి
రాజోలు నుంచి మొన్న అడిగింది నేనేనండి: ఆరేళ్ల పాప కార్టూన్లు చూస్తుంటే మధ్యలో వింత వీడియోలు వస్తున్నాయి, ఎలా ఆపాలని. ఆగాయండి. పిల్లల కోసం ఉన్న యూట్యూబ్ కిడ్స్ యాప్‌లో పాప ప్రొఫైల్‌ని 5-8 ఏళ్ల వర్గం నుంచి తీసి, పెద్దలు ఆమోదించినవే చూపించే సెట్టింగ్‌లో పెట్టాం. దాంతో సెర్చ్ కూడా పోయింది. మనం ఎంచిన చానళ్లు, వీడియోలే కనిపిస్తాయి.

ఒక్క చిక్కు. సెట్టింగ్స్‌కి తాళంగా అడిగేది గుణకారం లెక్క. ఎక్కాలు వచ్చిన అన్నయ్య చిటికెలో తీసేశాడు! సొంత పాస్‌కోడ్ పెట్టేయండి.

హాల్లో టీవీ మరిచిపోకండి. ఫోన్‌లో మామూలు యూట్యూబ్‌కి పెట్టిన రిస్ట్రిక్టెడ్ మోడ్ (పిల్లలకు తగని వీడియోలను దాచే సెట్టింగ్) టీవీలోని మామూలు యూట్యూబ్‌కి వర్తించదు. దేనికది విడిగా పెట్టాలి. పెట్టినా అన్నీ వడకట్టదు. అమ్మమ్మగారి ఫోనూ అంతే, సంక్రాంతికి పిల్లలు దిగకముందే చూసుకోవాలి.