పెళ్ళిచూపులకి బొల్లి మచ్చలు కవర్ చేసుకోవాలా?

హన్మకొండ అమ్మాయి:
అందరికీ నమస్తే. నాకు 26 ఏళ్ళు, 18 నుంచి బొల్లి ఉంది. మొదట మోచేతి మీద శెనగగింజంత మచ్చ, ఇప్పుడు రెండు చేతుల వేళ్ళకి, పెదాల పక్కన కూడా ఉన్నయ్. మూడేళ్ళు పసరు మందులు వాడిన, చేపలు బంద్, పాలు బంద్, పులుపు బంద్, మే నెలలో కూడా ఫుల్ హ్యాండ్స్. పోయినేడు మా బాబాయి బిడ్డ పెళ్ళిల మెహందీ పెట్టే అమ్మాయి నా చెయ్యి మామూలుగా పట్టుకుని, తెల్లగ ఉన్నకాడ డిజైన్ ఇంకా ఎర్రగ కనిపిస్తది అక్కా అని వేళ్ళ చివరిదాకా పెట్టింది, ఆరోజే మొదటిసారి నా చేతుల ఫొటో నేనే తీసుకున్న. అప్పట్నుంచి దాచుకోవడం మానేసిన. ఈ ఆదివారం పెళ్ళిచూపులు. పార్లర్ అమ్మాయిని పిలిపించి కవర్ చేద్దాం, రెండు గంటలే కదా అని అమ్మ ఏడుస్తుంది. నాకు ఇష్టం లేదు, అమ్మని బాధపెట్టుడు కూడా ఇష్టం లేదు. ఏం చెయ్యాలె?

గుంటూరు టీచర్:
చెల్లీ, 14 ఏళ్ళ క్రితం నేను కవర్ చేసుకునే కూర్చున్నా. పెళ్ళయిన వారానికే అత్తగారికి తెలిసిపోయింది, ఆవిడకి మచ్చల కంటే దాచారన్న మాటే ముల్లులా గుచ్చుకుంది, అది నేను చాలా ఏళ్ళు పడ్డాను. మీ నాన్నగారితో ముందే ఫోన్ చేయించు, ఇష్టం లేనివాళ్ళు మీ గుమ్మం దాకా రారు. మా క్లాసులో ప్రతి జూన్‌లో కొత్త పిల్లలు అంటుకుంటుందా టీచర్ అని అడుగుతారు, చెయ్యి చాపి పట్టుకుని చూడండి అంటాను, రెండో రోజుకి వాళ్ళకి గుర్తు కూడా ఉండదు.

స్కిన్ ఓపీ నర్సు:
అమ్మగారికి ఇది చదివి వినిపించండి. బొల్లి అంటుకోదు, కుష్టు కాదు. కుష్టు మచ్చ మీద సాధారణంగా స్పర్శ తగ్గుతుంది, బొల్లి మచ్చ మీద మామూలుగానే ఉంటుంది. ఒంట్లో రక్షణ కోసం ఉన్న కణాలే రంగు తయారుచేసే మెలనోసైట్లని శత్రువులనుకుని చంపేస్తాయి, చేపలు తిని పాలు తాగితే వస్తుందనేది ఒట్టిమాట, మీరు అవి మానేసి నోరు కట్టుకోవటం తలుచుకుంటేనే బాధేస్తుంది. థైరాయిడ్ టెస్ట్ ఒకసారి చేయించండి, రెండూ కలిసి ఉండటం మామూలే. వేళ్ళ చివర్లు, పెదాలు లైట్ ట్రీట్‌మెంట్‌కి (మచ్చల మీద ప్రత్యేకమైన కాంతి పడేలా చేసే చికిత్స) కూడా త్వరగా లొంగవు, అది మీ తప్పు కాదు. ఇంకోటి, స్టిక్కర్ బొట్టు గమ్‌లో ఉండే కెమికల్ వల్ల కొందరికి నుదుటి మీద అచ్చంగా బొట్టు సైజులో రంగు పోతుంది, కాబట్టి ఆదివారం కూడా అది వద్దు.

నిజామాబాద్ తమ్ముడు:
అక్కా నాకు కనురెప్పల మీద ఉంది. నేనైతే మేకప్ తప్పనను, ఇంటర్వ్యూకి నేనూ పెట్టుకుపోయిన, ఆరోజు నాకు ధైర్యం కావాలె, పెట్టుకున్న, అంతే. మైకేల్ జాక్సన్ అంతటోడు కూడా ఏళ్ళకేళ్ళు మేకప్‌తో కప్పుకున్నడు, 1993లో టీవీ ఇంటర్వ్యూలో చెప్పిండు. ఆయన పోయిన జూన్ 25నే ఇప్పుడు ప్రపంచ బొల్లి దినంగా జరుపుతున్నరు. ఒంటితో రాజీపడ్డమంటే రోజూ అద్దం ముందు సంతోషంగా ఉండాలని రూలేం లేదు, నాకు ఇప్పటికీ కొన్ని పొద్దుగాలలు కష్టంగనే ఉంటయ్. కానీ పెళ్ళి వేరు. రోజూ ఎదురుగా కూసొని అన్నం తినే మనిషికి ముందే తెల్వాలె.

హన్మకొండ అమ్మాయి:
అందరికీ థాంక్స్. నర్సక్క రాసింది అమ్మకి చదివి వినిపించిన, కుష్టు కాదన్నకాడ మళ్ళా చదువు అన్నది, ఎనిమిదేళ్ళుగా మనసుల ఆ భయమే పెట్టుకుందని నాకు ఇయ్యాల్నే తెలిసింది. నాన్న ఫోన్ చేసి అంతా చెప్పిండు, వాళ్ళు రేపు చెప్తమన్నరు. ఆకుపచ్చ చీర మీదికి జాకెట్ కుట్టనిచ్చిన, టైలరక్క ఎప్పటిలెక్కనే ఫుల్ హ్యాండ్సా అని అడిగితే నాకన్నా ముందు అమ్మనే మోచేతి పైదాకా అని చెప్పింది.