క్యూబిక్ సీసియం లెడ్ అయోడైడ్ "మెకానికల్లీ స్టేబుల్" అని రాయొచ్చా?

కేపాయింట్_కిట్టు:
మా ల్యాబ్‌లో వారం నుంచి ఇదే గొడవ. జూనియర్ ఒకడు క్యూబిక్ సీసియం లెడ్ అయోడైడ్‌కి డీఎఫ్‌టీలో (కంప్యూటర్‌లో చేసే క్వాంటమ్ లెక్క) సీ11, సీ12, సీ44 (క్రిస్టల్ ఎంత గట్టిదో చెప్పే ఎలాస్టిక్ కాన్‌స్టెంట్లు) తీశాడు, బార్న్ కండిషన్లు (లాగినా నొక్కినా క్రిస్టల్ నిలబడాలంటే ఆ నంబర్లు పాటించాల్సిన షరతులు) మూడూ పాసయ్యాయి, ఇంకేముంది "స్టేబుల్" అని అబ్‌స్ట్రాక్ట్‌లోనే పెట్టేశాడు. ఆ నల్ల క్యూబిక్ ఫేజ్ 300 డిగ్రీల సెల్సియస్ దాటితే గానీ రాదు, రూమ్ టెంపరేచర్‌కి తెచ్చి వదిలేస్తే పసుపు ఆర్థోరాంబిక్ అయి కూర్చుంటుంది, వీడి లెక్కేమో 0 కెల్విన్‌లో. రాయకూడదని నేనంటున్నా. మీరేమంటారు?

స్ట్రెయిన్_సీను:
తప్పేముంది బ్రో? సీ11 సీ12 కన్నా ఎక్కువ, సీ44 పాజిటివ్, సీ11 ప్లస్ రెండు సీ12 పాజిటివ్. మెకానికల్లీ స్టేబుల్ అంటే డెఫినిషనే అది, థర్మోడైనమికల్లీ అని వాడు అన్లేదుగా. మెథడ్ మీద డౌటైతే సిలికాన్‌కి రన్ చేసి చూసుకోండి, కొలిచిన విలువలు 166, 64, 80 గిగాపాస్కల్స్, మనకీ ఆ దగ్గర్లోనే వస్తాయి.

ఫోనాన్_పిచ్చోడు:
సీను గారూ, సిలికాన్ నిజంగా ఆ స్ట్రక్చర్లోనే ఉంటుందండీ, అందుకే కుదిరింది. అక్కడ కూడా స్ట్రెయిన్ ఇచ్చాక లోపలి అటామ్స్‌ని రిలాక్స్ చేయడం మర్చిపోతే సీ44 వంద దాటేస్తుంది (నేను మర్చిపోయా, రెండు వారాలు పోయాయి, వదిలేయండి). ఇక్కడ అసలు సంగతి వేరే. బార్న్ కండిషన్లు సెల్ (క్రిస్టల్‌లో రిపీటయ్యే చిన్న డబ్బా) మొత్తాన్ని ఒకేలా లాగితే ఏమవుతుందో మాత్రమే చూస్తాయి. ఈ క్రిస్టల్ విరిగేది అలా కాదు, ఆక్టాహెడ్రాలు (ఒక లెడ్, దాని చుట్టూ ఆరు అయోడిన్లు ఉన్న గూళ్లు) తిరగడం వల్ల, ఒకటి ఇటు తిరిగితే పక్కది అటు తిరగాలి, ఐదు అటామ్‌ల సెల్‌లో పక్కది అనేదే లేదు కదా ఇంక ఎలా కనిపిస్తుంది? ఫోనాన్స్ (అటామ్స్ కలిసి ఊగే తీరులు) వేస్తే ఎం, ఆర్ పాయింట్ల దగ్గర, అంటే పక్కపక్క సెల్స్ ఎదురెదురుగా కదిలే చోట, ఇమాజినరీ మోడ్స్ వస్తాయి, అంటే ఆ ఊపుకి ఈ స్ట్రక్చర్ నిలబడదని. ఇంటి గోడ ఊగట్లేదు కాబట్టి పునాది బాగుందన్నట్టుంది మీ మాట.

పౌడర్_పద్మ:
నేను ఎక్స్‌పెరిమెంట్ మనిషిని, నా బాధ ఇంకోటి. ఆ పేపర్లో ప్యూ రేషియో (బల్క్ మాడ్యులస్‌ని షియర్ మాడ్యులస్‌తో భాగిస్తే వచ్చేది) 1.75 దాటింది కాబట్టి "డక్టైల్", అంటే విరక్కుండా సాగుతుంది, అని కూడా ఉండే ఉంటుంది, పందెం. 1954లో ప్యూ చూసింది ప్యూర్ మెటల్స్‌ని, మీరు దాన్ని తెచ్చి హాలైడ్ మీద రుద్దుతారు, పొడి పట్టుకుని తిట్టుకునేది మేము.

స్ట్రెయిన్_సీను:
సరే మేడమ్, డక్టైల్ తీసేద్దాం. కానీ నంబర్లు పనికిరానివంటే మాత్రం ఒప్పుకోను, సింగిల్ క్రిస్టల్ దొరకని చోట ట్రెండ్ అయినా తెలుస్తుంది, అయోడిన్ నుంచి క్లోరిన్‌కి వెళ్తే గట్టిపడుతుందా లేదా అని.

ఫోనాన్_పిచ్చోడు:
ట్రెండ్ ఓకే, కానీ అయోడైడ్, బ్రోమైడ్, క్లోరైడ్ మూడింటికీ ఒకటే ఫంక్షనల్ (డీఎఫ్‌టీలో ఎలక్ట్రాన్ల ఎనర్జీకి వాడే ఉజ్జాయింపు ఫార్ములా, పీబీఈ, ఎల్డీఏ లాంటివి) వాడాలి. పీబీఈ ల్యాటిస్‌ని ఉబ్బిస్తుంది, ఎల్డీఏ నొక్కేస్తుంది, సిలికాన్‌కే సెల్ అంచు 5.431 ఆంగ్‌స్ట్రామ్‌లు రావాల్సింది పీబీఈలో 5.47, ఎల్డీఏలో 5.40 వస్తుంది. ఒక పేపర్ నుంచి ఒకటి, ఇంకో పేపర్ నుంచి ఒకటి తెచ్చి గ్రాఫ్ గీస్తే ఆ ట్రెండ్ ఫంక్షనల్‌ది, మెటీరియల్‌ది కాదు.

కేపాయింట్_కిట్టు:
అప్‌డేట్. 2×2×2 సూపర్‌సెల్ (ఎనిమిది సెల్స్ కలిపిన పెద్ద సెల్) వేసి ఫోనాన్స్ తీయించా, ఇమాజినరీ మోడ్స్ వచ్చాయి. గైడ్ గారేమో సప్లిమెంటరీలో (పేపర్‌కి విడిగా జతచేసే అదనపు ఫైల్) పెట్టేయండి చాలు అంటున్నారు. జూనియర్ మాత్రం మొహం మాడ్చుకుని ఆర్థోరాంబిక్‌కి మొదలుపెట్టాడు, 20 అటామ్స్, తొమ్మిది కాన్‌స్టెంట్లు, జాబ్ ఇంకా క్యూలోనే ఉంది.

స్ట్రెయిన్_సీను:
సప్లిమెంటరీలోనా?? అదైతే నేను కూడా ఒప్పుకోను.