స్కీయింగ్, స్నోబోర్డింగ్ వాళ్ళ మాటలు అర్థం కావడం లేదు, కాస్త చెప్పరూ?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. వచ్చే నెల స్నేహితులతో మంచు కొండకి వెళ్తున్నాను. నాకిదే మొదటిసారి. స్నోబోర్డు అద్దెకి తీసుకుందామనుకుంటున్నాను. గ్రూపులో రోజూ ఒకటే మెసేజ్‌లు: "రాత్రి పౌడర్ పడింది", "పొద్దున్నే గ్రూమర్స్ మీదికి వెళ్దాం", "నువ్వు రెగ్యులరా, గూఫీయా?" ప్రతిదీ అడగాలంటే మొహమాటంగా ఉంది. బ్లూ రన్ అంటే తేలికేనని ఒకరన్నారు, నిజమేనా?

జవాబు 1:
బ్లూ సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే నేను దెబ్బతిన్నది అక్కడే. రన్ అంటే కొండ మీంచి జారుతూ దిగే దారి, అది ఎంత కష్టమో రంగు చెబుతుంది. యూరప్‌లో బ్లూ అంటే తేలిక, రెడ్ అంటే మధ్యరకం, బ్లాక్ అంటే కష్టం. ఫ్రాన్స్ లాంటి చోట్ల బ్లూ కంటే తేలికగా గ్రీన్ కూడా ఉంటుంది. ఉత్తర అమెరికాలో పచ్చ వృత్తం తేలిక, నీలం చతురస్రం మధ్యరకం, నల్ల డైమండ్ కష్టం. నేను యూరప్ బ్లూ అలవాటుతో అమెరికాలో బ్లూ ఎక్కేశాను. సగం వాలు బోర్డు మడమవైపు అంచు మీద అడ్డంగా జారుకుంటూనే దిగాను, కింద నిలబడితే కాళ్ళు వణుకుతున్నాయి. పైగా ఈ గుర్తులు ఆ కొండలో మిగతా దారులతో పోల్చి పెట్టేవి. ఒక కొండ బ్లూ ఇంకో కొండ బ్లూలా ఉండాలని లేదు. మొదటి రోజు బన్నీ హిల్ మీదే ఉండండి. కొత్తవాళ్ళ కోసం ఉంచిన చిన్న వాలుని అలా అంటారు.

పౌడర్ అంటే అప్పుడే కురిసిన, ఎవరూ తొక్కని మెత్తటి మంచు. గ్రూమర్ అంటే యంత్రంతో చదును చేసిన దారి. యంత్రం వెళ్ళాక మంచు మీద సన్నని గీతలు వరసగా మిగులుతాయి, అచ్చం కార్డురాయ్ ప్యాంటు గుడ్డలా. అందుకే దాన్ని కార్డురాయ్ అనే పిలుస్తారు. మీకు కావలసింది అదే. పౌడర్ గురించి అందరూ ఊరిస్తారు గానీ, లోతైన మంచులో పడితే లేవడానికి చేయి ఆనించే చోటే దొరకదు. ఆనించిన కొద్దీ మోచేతి దాకా దిగిపోతుంది.

రెగ్యులర్ అంటే ఎడమకాలు ముందు, గూఫీ అంటే కుడికాలు ముందు. రెండిట్లో ఏదీ తప్పు కాదు. సాక్సులతో నున్నటి నేల మీద నాలుగడుగులు పరిగెత్తి జారి చూడండి, ఏ కాలు ముందుకు వెళ్తే అదే మీది. బూట్లని బోర్డుకి పట్టి ఉంచే బైండింగ్స్ దాన్నిబట్టే బిగిస్తారు.

జవాబు 2:
మీ వాళ్ళలో స్కీ చేసేవాళ్ళుంటే పిజ్జా, ఫ్రెంచ్ ఫ్రైస్ అనే మాటలు వింటారు. స్కీల ముందు కొసలు దగ్గరగా, వెనక దూరంగా పెట్టి వేగం తగ్గించడం పిజ్జా. రెండూ సమాంతరంగా ఉంచితే ఫ్రెంచ్ ఫ్రైస్. యార్డ్ సేల్ అంటే పడ్డప్పుడు స్కీలు, కర్రలు, కళ్ళజోడు తలో దిక్కూ చెల్లాచెదురవడం. పై నుంచి వచ్చేవాళ్ళు ఆ వస్తువులు ఏరి తెచ్చివ్వడం అక్కడి మర్యాద.

ప్రశ్న అడిగినవారు:
ఎంత సాయం చేశారండీ! "ఎడ్జ్ క్యాచ్ అవుతుంది జాగ్రత్త" అని పదేపదే అంటున్నారు. అదేమిటి?

జవాబు 1:
స్నోబోర్డు మొదలుపెట్టేవాళ్ళని ఎక్కువగా పడేసేది ఇదే. అంతకంటే ముందు ఫాల్ లైన్ తెలియాలి. వాలు మీద బంతి వదిలితే ఏ దారిన దొర్లుతుందో అదే ఫాల్ లైన్. బోర్డుని దానికి అడ్డంగా తిప్పినప్పుడు బరువు ఎప్పుడూ పైవైపు అంచు మీదే ఉండాలి. కిందివైపు అంచు రవ్వంత మంచులో గుచ్చుకుందా, బోర్డు టక్కున ఆగిపోతుంది, మనిషి చేతులు అడ్డుపెట్టేలోపే నేలకి కొట్టుకుంటాడు. ఇది నిటారు వాలులో కంటే, మనల్ని కొండ పైకి తీసుకెళ్ళే లిఫ్ట్ దగ్గరి చదును నేల మీద, ఇంకేముందిలే అని బోర్డుని ఫ్లాట్‌గా వదిలేసినప్పుడే ఎక్కువ. హెల్మెట్ తప్పనిసరిగా పెట్టుకోండి, మణికట్టు గార్డులుంటే ఇంకా మంచిది.

జవాబు 3:
నావి రెండు మాటలు. వెనక నుంచి "ఆన్ యువర్ లెఫ్ట్" అని వినిపిస్తే మీ ఎడమవైపు నుంచి దాటుతున్నారని అర్థం, అటు తిరగకండి. మీకంటే దిగువన ఉన్నవాళ్ళకే దారి హక్కు, తప్పించాల్సింది పైనుంచి వచ్చేవాళ్ళు.

రెండోది ట్రీ వెల్. పెద్ద చెట్టు కొమ్మల కింద, మొదలు చుట్టూ మంచు వదులుగా ఉండి లోపల గుంటలా ఉంటుంది. పైకి కనిపించదు. తలకిందులుగా పడితే ఊపిరాడక ప్రాణం పోవచ్చు. చెట్ల మధ్యకి పిలిస్తే ఈసారికి వద్దని చెప్పండి. ఆఫ్ పీస్ట్ అన్నా, బ్యాక్‌కంట్రీ అన్నా అంతే. గుర్తులు పెట్టిన దారి దాటితే మంచు చరియలు విరిగిపడే ప్రమాదం ఉంటుంది. బీకన్ (మంచులో కూరుకుపోయినవాళ్ళ జాడ తెలిపే సంకేత పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కర్ర), పార, వాటిని వాడే శిక్షణ లేకుండా వెళ్ళకూడదు.

ప్రశ్న అడిగినవారు:
సాక్సులతో చూసుకున్నాను, మూడుసార్లూ కుడికాలే ముందుకు వెళ్ళింది. గూఫీ అని చెప్పి బోర్డు అడుగుతాను. ఒక్కటి మిగిలింది: "లాస్ట్ రన్" అనకూడదట, ఎందుకని?

జవాబు 2:
అలా అంటే ఆ చివరిసారి దిగేటప్పుడే దెబ్బ తగులుతుందని చాలామంది నమ్మకం. అందుకే "టూ మోర్, స్కిప్ వన్" అంటారు, అంటే ఇంకో రెండు, అందులో ఒకటి వదిలేద్దాం అని. మధ్యాహ్నం అయ్యేసరికి కాళ్ళు అలిసిపోతాయి, మంచు కూడా గడ్డలు కడుతుంది. అలాంటప్పుడు డౌన్‌లోడ్ అవ్వచ్చా అని లిఫ్ట్ దగ్గర అడగండి. లిఫ్ట్‌లోనే కూర్చుని కిందకి దిగిపోవడాన్ని అలా అంటారు.