రాగుల పైపొట్టు ఒకవైపు మేలు చేస్తూ మరోవైపు ఇనుమును అడ్డుకుంటుంటే ఏం చేయాలి?

మాది చిత్తూరు జిల్లా పలమనేరు దగ్గరి పల్లె. 62 ఏళ్ల మా అమ్మగారికి చాలాకాలంగా మధుమేహం ఉంది. గత నెల రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 9.2 గ్రాములే ఉన్నట్టు తేలడంతో డాక్టరుగారు ఇనుము మాత్రలు రాశారు. అమ్మ రెండు పూటలా రాగి సంగటి, చెనక్కాయల ఊరిబిండి తిని, చేతి తడి ఆరకముందే గ్లాసుడు టీ తాగుతారు.

రాగులకు ఎర్రటి రంగునిచ్చే పైపొట్టులోనే పాలీఫినాల్స్ అనే సహజ రసాయనాలు ఎక్కువగా ఉంటాయనీ, పిండిపదార్థాన్ని చక్కెరగా విడగొట్టే ఎంజైములను అవి నెమ్మదింపజేస్తాయనీ చదివి సంతోషించాను. అయితే అవే పదార్థాలు గింజల్లో సహజంగా ఉండే ఫైటిక్ ఆమ్లంతో కలిసి ఇనుమును పట్టి ఉంచి, పేగులు దానిని గ్రహించకుండా అడ్డుపడతాయని, టీలోని టానిన్లు కూడా అదే పని చేస్తాయని తెలిశాక దిగులు పట్టుకుంది. పుట్టినప్పటి నుంచి తింటున్న సంగటిని మానమని అమ్మకు చెప్పడానికి నాకు నోరు రావడం లేదు, మానాల్సిన అవసరం ఉందని కూడా నేను అనుకోవడం లేదు.

రాగులను నానబెట్టి మొలకెత్తిస్తే ఫైటేట్లు (ఫైటిక్ ఆమ్లపు లవణాలు) తగ్గుతాయంటారు కదా, ఆ పిండితో సంగటి ముద్ద సరిగ్గా కుదురుతుందా? మొలకెత్తిన పిండితో చక్కెర త్వరగా పెరిగే ప్రమాదం ఉందా? విటమిన్ సి ఇనుము గ్రహింపుకు తోడ్పడుతుంది కాబట్టి సంగటితో పాటు ఉసిరికాయ పచ్చడి పెడితే సరిపోతుందా, టీని భోజనానికి ఎంతసేపు దూరంగా ఉంచాలి? పోషకాహార నిపుణులు గానీ, ఇంట్లో ఇలాంటి ఇబ్బందిని చూసినవారు గానీ దయచేసి వివరంగా చెప్పగలరు.