తల్లికి వందనం: పాత అద్దె ఇంటి మీటరు వల్ల అనర్హత, ఎలా సరిచేయించుకోవాలి?

మేము కడప నగరంలో అద్దె ఇంట్లో ఉంటున్నాము. మా అబ్బాయి ఏడవ తరగతి చదువుతున్నాడు. బడికి వెళ్లే పిల్లల తల్లులకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం పథకం కింద నా ఖాతాలో జమ కావలసిన 13,000 రూపాయలు రాలేదు. సచివాలయంలో చూపించుకుంటే, నెలసరి విద్యుత్ వాడకం సగటున 300 యూనిట్లు దాటినందువల్ల ఆరు అంచెల పరిశీలనలో (ప్రభుత్వ పథకాలకు కుటుంబం అర్హతను ఆరు అంశాల్లో చూసే తనిఖీలో) అనర్హులుగా నమోదైందని చెప్పారు.

ప్రస్తుతం మా ఇంటి బిల్లు ఏ నెలలోనూ 120 యూనిట్లు మించడం లేదు. వివరాలు తీయిస్తే, మూడేళ్ల క్రితం మేము ఖాళీ చేసిన ఇంటి సర్వీసు నంబరు ఇప్పటికీ నా భర్త ఆధార్‌కు అనుసంధానమై ఉన్నట్లు తేలింది. ఆ ఇంటి యజమాని ఇప్పుడు అక్కడ రెండు ఏసీలు వాడుతున్నారు. ఆ వాడకమంతా మా కుటుంబం లెక్కలోకి వస్తోంది.

విద్యుత్ కార్యాలయంలో అద్దె ఒప్పందం, ప్రస్తుత బిల్లులు జతచేసి అర్జీ ఇవ్వగా, ఆ సర్వీసు నుంచి ఆధార్‌ను తొలగించినట్లు లిఖితపూర్వకంగా ఇచ్చారు. ఆ పత్రంతో సచివాలయంలో అభ్యంతరం నమోదు చేయించాము. నెల దాటినా మా స్టేటస్‌లో పాత సర్వీసు నంబరే కనిపిస్తోంది. సచివాలయం వారు విద్యుత్ శాఖను అడగమంటారు, వారేమో తమ పని పూర్తయిందంటారు. కలెక్టరేట్‌లో సోమవారం ఇచ్చిన అర్జీని కూడా, ఆధార్ తొలగించినందున సమస్య పరిష్కారమైందని రాసి మూసివేశారు. రేషన్ కార్డు, ఈకేవైసీ, బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకు అన్నీ సక్రమంగానే ఉన్నాయి.

విద్యుత్ శాఖలో తొలగించిన సర్వీసు నంబరు ఆరు అంచెల పరిశీలన వివరాల్లోంచి కూడా పోవాలంటే, ఏ అధికారి లాగిన్ ద్వారా, ఏ దరఖాస్తుతో చేయించుకోవాలి?