పాలిమర్ తయారీకి ద్రవ హెచ్‌ఎఫ్ వాడటం సబబేనా?

విజయనగరం ఎమ్మెస్సీ:
పాలీఈథర్‌కీటోన్ (బాగా వేడిని తట్టుకునే గట్టి ప్లాస్టిక్ రకం) చేయడానికి ద్రవ హెచ్‌ఎఫ్, అంటే నీళ్ళు లేని హైడ్రోజన్ ఫ్లోరైడ్, దానికి మించిన సాల్వెంట్ లేదని నా వాదన. మామూలు సాల్వెంట్లలో పాలిమర్ అణువుల గొలుసు కాస్త పొడుగవ్వగానే కరగకుండా అడుక్కి దిగిపోతుంది, ఇక పెరగదు. హెచ్‌ఎఫ్‌లో బోరాన్ ట్రైఫ్లోరైడ్ కలిపితే గొలుసులోని కీటోన్లు ప్రోటాన్ పట్టుకుని ద్రావణంలోనే ఉండిపోతాయి, మామూలు గది వేడిమి దగ్గరే పని అయిపోతుంది. చివర్లో రెండూ ఆవిరైపోతాయి కాబట్టి పట్టుకుని మళ్ళీ వాడుకోవచ్చు. మామూలుగా ఉత్ప్రేరకంగా వేసే అల్యూమినియం క్లోరైడ్ అయితే పాలిమర్‌లో ఇరుక్కుని ఒక పట్టాన వదలదు. 1970ల్లో రేకెమ్ కంపెనీ ఈ దారిలోనే చేసి అమ్మింది కూడా.

పైడిభీమవరం షిఫ్ట్:
తమ్ముడూ, కెమిస్ట్రీ వరకు నువ్వు చెప్పింది నిజమే. కానీ హెచ్‌ఎఫ్ 19.5 డిగ్రీలకే మరిగిపోతుంది. మన రణస్థలం వైపు జనవరి తెల్లవారుజామున తప్ప అంత చలి ఎప్పుడుంటుంది చెప్పు? మే నెలలో ఒక గ్యాస్కెట్ పోతే అది నేలమీద పారే ద్రవం కాదు, మొక్కజొన్న చేల మీదుగా ఊళ్ళోకి పోయే ఆవిరి. 2012 సెప్టెంబరులో దక్షిణ కొరియాలోని గుమిలో ట్యాంకర్ నుంచి దించుతుండగా లీకయి ఐదుగురు కార్మికులు చనిపోయారు, చుట్టుపక్కల పైర్లు మాడిపోయాయి. ఇంకో మాట, మా దగ్గర ఎక్కువగా ఉండేవి జీఎల్‌ఆర్‌లు, అంటే లోపల గాజు పూత ఉన్న రియాక్టర్లు. హెచ్‌ఎఫ్ గాజునే తినేస్తుంది కదా, దేంట్లో చేస్తావు?

విజయనగరం ఎమ్మెస్సీ:
మోనెల్‌లో, అంటే నికెల్-రాగి మిశ్రలోహం రియాక్టర్లో చేయొచ్చన్నా. అయినా హెచ్‌ఎఫ్ సాల్వెంట్ లేకుండా చేసే రెండో దారి ఏమంత శుభ్రమైంది? బ్రిటన్‌లోని ఐసీఐ కంపెనీ వాళ్ళు 1978లో పీక్ (ఇదే కుటుంబంలోని పాలిమర్) చేసింది డైఫినైల్ సల్ఫోన్ అనే సాల్వెంట్‌లో, 300 డిగ్రీలు దాటించి. తర్వాత గడ్డకట్టినదాన్ని పొడి చేసి అసిటోన్‌తో, నీళ్ళతో ఎన్నిసార్లు కడగాలి! పైగా దానికి కావలసిన మోనోమర్, అంటే గొలుసు కట్టే ముడిపదార్థం, డైఫ్లోరోబెంజోఫినోన్‌లో ఫ్లోరిన్ ఎక్కడి నుంచి వచ్చింది? హెచ్‌ఎఫ్ నుంచే. చివరికది పొటాషియం ఫ్లోరైడ్ ఉప్పుగా వ్యర్థంలోకి పోతుంది. ప్రమాదం తగ్గినట్టు కాదు, వేరే ఊరికి మారినట్టు.

బొబ్బిలి నర్సు:
పాలిమర్ల సంగతి నాకు తెలియదు గానీ ఈ ఆమ్లం సంగతి తెలుసు. పలచటి హెచ్‌ఎఫ్ చర్మం మీద పడితే వెంటనే మంట కూడా ఉండకపోవచ్చు, కొన్ని గంటల తర్వాత నొప్పి మొదలవుతుంది, అప్పటికే ఫ్లోరైడ్ లోపలికి వెళ్ళి కాల్షియాన్ని పట్టేస్తుంది. రక్తంలో కాల్షియం పడిపోతే గుండె లయ తప్పుతుంది. గాఢమైనదైతే అరచేయంత కాలినా ప్రాణం మీదికి రావచ్చు. ముందు బాగా నీళ్ళతో కడగాలి, వెంటనే కాల్షియం గ్లూకోనేట్ జెల్ రాయాలి. ఆ జెల్ షిఫ్టులో పనిచేసే ప్రతి ఒక్కరికీ చేతికందేంత దగ్గర లేకపోతే ఈ చర్చే వద్దు నాయనా. శ్రీకాకుళం చేరేదాకా ఆగే గాయం కాదది.

పైడిభీమవరం షిఫ్ట్:
అమ్మా, ఆ మాట మా సేఫ్టీ మీటింగులో చదివి వినిపిస్తాను. తమ్ముడూ, నీ ఫ్లోరిన్ పాయింట్ నాకు నచ్చింది, నిజంగా నచ్చింది. కానీ మోనోమర్ చేసేవాడికి హెచ్‌ఎఫ్ ముడిసరుకు, లెక్కగా వాడతాడు, ఆ పనికే కట్టిన ప్లాంటులో. నువ్వు అడుగుతున్నది సాల్వెంట్‌గా. సాల్వెంట్ అంటే పాలిమర్ బరువుకి ఎన్నో రెట్లు, రియాక్టర్లో ఒక వంతు, రికవరీలో ఒక వంతు, ట్యాంకులో ఇంకో వంతు, ఎప్పుడు చూసినా ఆవరణలో టన్నుల కొద్దీ ఉండాల్సిందే. డైఫినైల్ సల్ఫోన్ పొరపాటున కింద పడితే చల్లారి రాయవుతుంది, పారతో ఎత్తుకుంటాం. కాలినా అక్కడున్నవాడికే, ఊరికి కాదు. నా లెక్కంతా అదే.

విజయనగరం ఎమ్మెస్సీ:
నిల్వ సంగతి నేను ఆలోచించలేదన్నా, ఒప్పుకుంటున్నాను. అయితే మీథేన్‌సల్ఫోనిక్ ఆమ్లంలో ఫాస్ఫరస్ పెంటాక్సైడ్ వేసి చేసే పద్ధతి గురించి ఏమంటావు? ఎగిరిపోయే రకం కాదు. కాకపోతే పాలిమర్‌ని నీళ్ళలో పోసి దించాలి, అప్పుడు ఆమ్లమంతా నీళ్ళపాలే. ఆ నీళ్ళను మీ ఈటీపీ (వ్యర్థజలాల శుద్ధి ప్లాంటు) తట్టుకుంటుందా?